కాటా ఎక్కిన మొండిఘటం

పడవల షెడ్డు, బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని

ఒరేయ్ బావమరిదీ,

నువ్వక్కడ ఓడల యార్డులో పరాయివాళ్ళ కేబిన్లకి అల్మారాలు బిగించుకుంటూ చల్లగా ఉన్నావు. ఇక్కడ మన పడవని, మన మొండిఘటాన్ని, రేసులోంచి మెడపట్టి గెంటడానికి ముహూర్తం పెడుతున్నారు.

నిన్న క్లబ్బు మీటింగు. పళ్ళ డాక్టరు లేచాడు. చేతిలో కాగితం, మొహం నిండా జాలి. కోపంగా ఉన్న డబ్బున్నవాణ్ణి నేను భరించగలను గానీ జాలిపడే డబ్బున్నవాణ్ణి చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "పాత పడవలంటే మాకెంతో గౌరవం. వాటి కోసం మధ్యాహ్నం పూట విడిగా ఒక సరదా పోటీ పెడదాం. పొద్దుటి అసలు పోటీ కొత్త పడవలకి వదిలేద్దాం. రేటింగు పేరు చెప్పి వాళ్ళకి నిమిషాలకి నిమిషాలు దానం చేసీ చేసీ అలిసిపోయాం" అన్నాడు.

సరదా పోటీ అట! ముసలాళ్ళకి మూలన కుర్చీ వేసి "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం" అనడం లాంటిది. చప్పట్లు కూడా పడ్డాయి. కొత్తగా చేరినవాళ్ళు నలుగురైదుగురు బుర్రలూపారు. వాళ్ళకసలు రేటింగంటే ఏమిటో తెలీదు.

నేను ఊరుకుంటానా? లేచాను. "దానమన్న మాట వెనక్కి తీసుకోండి డాక్టరుగారూ" అన్నాను. "ప్రతి పడవకీ దాని పొడవు, బరువు, తెరచాప, అడుగున వేలాడే కీల్ చూసి ఒక అంకె వేస్తారు. గీత దాటడానికి పట్టిన కాలాన్ని ఆ అంకెతో హెచ్చవేస్తారు. మీ పడవ మెరుపు, పేరుకి తగ్గట్టే ముందొస్తుంది, రావాలి కూడా. ఎంత ముందు రావాలో అంత వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. మీ పడవ కొన్న డబ్బు గెలిచిందా, దాన్ని నడిపిన మీరు గెలిచారా అని విడదీసి చెప్పే లెక్క అది. లోకంలో ఇంకెక్కడా అమల్లో లేని న్యాయం ఈ చిన్న క్లబ్బులో అమల్లో ఉంది. దాన్ని దానమంటారా?"

డాక్టరు తొణకలేదు. "మరి పోయినేడు ఈదురుగాలి పోటీలో కప్పు మీరెలా కొట్టారు? మా పడవలన్నీ గాలికి పక్కకి పడిపోతుంటే మీది స్తంభంలా నిలబడింది. మీకిచ్చిన అంకె తప్పు. పాత పడవలన్నిటికీ ఇచ్చిన అంకెలు తప్పు" అన్నాడు.

"అయితే కాటా తెప్పించండి!" అన్నాను. "ప్రతి పడవనీ క్రేనుకి వేలాడదీసి తూకం వేయండి. రేటింగు సర్టిఫికెట్లో ఉన్న బరువుకీ కాటాలో ఉన్నదానికీ తేడా వస్తే, ఆ పడవ సాధించినవన్నీ కొట్టేయండి. మొదట నా పడవే ఎక్కుతుంది." ఈసారి చప్పట్లు నాకు. సీజను చివరి పోటీకి ముందు, పడవల కొలతలు తీసే మన టేపు మాస్టారు అందరివీ తూస్తాడు. ఆయన కొలతల్లో పెళ్ళాన్ని కూడా నమ్మడని నీకు తెలుసుగా. తూకమయ్యాక డాక్టరు తీర్మానం ఓటుకి పెడతారు.

మన తరఫున బెంగేం లేదు. చుక్కాని మార్చినా, లోపలి ఇంజను తీసేసి వెనక చిన్న మోటారు తగిలించినా, ఒక్క మేకు మార్చినా నేను క్లబ్బుకి చెప్పే మార్చాను. ఈ వారం చెంచాల కాడలు కోసేశాను. అరలకి బెజ్జాలు వేశాను. బరువు తగ్గాలి. గాలి పలచగా ఉన్న రోజు మనం గట్టున కట్టేసినట్టు ఉండిపోవడానికి కారణం నీ బొజ్జేనని ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నాను. అక్కడైనా తిండి తగ్గించు.

నీ
బావ

*

ఓడల యార్డు, వడ్రంగుల గది

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. మీ ఉపన్యాసం బ్రహ్మాండం. కానీ ఈ తూకం గొడవ మనకెందుకండీ?

నిదానంగా ఆలోచించండి. పడవ పాతది. క్రేనుకి వేలాడదీస్తే నడుం పట్టేయొచ్చు. పైగా వానల్లో నానిన చెక్క, తేమ పీల్చేసి ఉంటుంది. కాటాలు కూడా నమ్మకమైనవి కావు, మొన్న మా యార్డులో ఒక కాటా లంగరుని ఈకలా చూపించింది. అందరి పడవలూ తూయమని అడిగింది మీరే కాబట్టి, పెద్దమనసు చేసుకుని "నాకు మీ మీద నమ్మకముంది" అని వదిలేస్తే మీ గౌరవం ఎంత పెరుగుతుంది! అదీగాక మధ్యాహ్నం పోటీ అంత చెడ్డదేం కాదు. పొద్దున్నే లేవక్కర్లేదు. ఎండ కూడా బాగుంటుంది.

అక్కతో చెప్పారా ఈ తూకం సంగతి? అక్క ఏమంది? ఒక్కసారి అక్కనడిగి చేయండి. బొజ్జ విషయంలో నేను కృషి చేస్తున్నాను.

మీ
బావమరిది

*

ఇల్లు, వంటింటి బల్ల

ఒరేయ్,

ఏమైందిరా నీకు? "మీరు" అంటున్నావేమిటి? పెళ్ళిపందిట్లో కూడా నన్ను మీరనలేదు కదరా నువ్వు. జ్వరమా?

ఇక నీ వాదనలు. పడవ నడుం పట్టేస్తుందా? ఏటేటా అదే క్రేనుతో దింపుతున్నాం, ఎక్కిస్తున్నాం. కాటా అబద్ధమాడుతుందా? ఆడితే అందరికీ ఒకటే అబద్ధమాడుతుంది, ఆ మేరకి అది మనుషులకన్నా నయం. ఇక ఆ పెద్దమనసు సలహా! ఒరేయ్, పైవాడు తప్పించుకుపోయిన ప్రతిసారీ కిందివాడి పెద్దమనసు వల్లే తప్పించుకున్నాడు. "పోనీలే" అన్న ఒక్క మాట మీద ఎన్ని అన్యాయాలు మేడలు కట్టుకున్నాయో మా కార్మిక సంఘం పత్రికలో ఇరవయ్యేళ్ళుగా రాస్తున్నాను. నువ్వొక్క సంచికా చదవలేదని ఇప్పుడు రుజువైంది. మధ్యాహ్నం ఎండ బాగుంటుందన్నావు చూడు, ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి దాచాను. నువ్వొచ్చాక చదివి వినిపిస్తాను.

మీ అక్కతో చెప్పాను. పచ్చడి సీసాకి మూత పెడుతోంది. పెట్టేసిన మూతనే మళ్ళీ బిగించింది, మళ్ళీ బిగించింది. "తూకమా?" అంది. "పడవ మొత్తమా? లోపలున్నవాటితో సహానా?" అంది. అవునన్నాను. "ఆ వారం ఎటైనా వెళ్ళొద్దామా, నువ్వసలు సెలవు తీసుకుని ఎన్నాళ్ళయింది" అంది. పడవ మొహం చూడని మనిషికి దాని తూకం మీద ఇంత ఆసక్తి ఏమిటో! రోజంతా ఎవరి లిఫ్టో ఆగిపోయిందని మెట్లెక్కి మెట్లెక్కి తనిఖీలు చేసొస్తుంది కదా, అలసిపోయి ఉంటుంది. ఆ సీసా మూత ఇప్పటికీ రాలేదు. పచ్చడి లేకుండా తింటున్నాం.

డాక్టరు ఈ మధ్య నన్ను చూస్తే నవ్వడం మానేశాడు. వాడి పడవలో ఏదో ఉంది. నా ముక్కు అబద్ధం చెప్పదు. ఎక్కడో ఒకచోట చెప్పకుండా చేసిన మార్పు ఉండే ఉంటుంది. కాటా మీద దొరుకుతాడు.

బావ

*

ఓడల యార్డు, వడ్రంగుల గది

అక్కా,

నాకిక్కడ ముద్ద దిగడం లేదు. బావకి చెప్పేయ్.

చెబుతానంటే నేనే చెబుతాను, కానీ ఒట్టు వేయించుకున్నది నువ్వు. ఆ ఇనప దిమ్మలు నువ్వు తెచ్చావు, నేను పడవ అడుగున పేర్చి పైన చెక్క నేల బిగించాను. ఇన్నేళ్ళు ఆయన నా బొజ్జని తిడుతుంటే నోరు మూసుకున్నాను. నాకు రెండోసారి వడ్డించనివ్వడు. పడవెక్కే ముందు నా జేబులో తాళంచెవులు తీయించి గట్టున పెట్టిస్తాడు. చెంచాలకి కాడలు కోశాడట, తెలుసా! ఏ చెంచాతో తింటాడిప్పుడు?

పదిమందిలో కాటా మీద బయటపడితే ఆయన మొహం చూడగలవా? మధ్యలో పాత పడవల గతేం కావాలి? ముందే చెబితే కనీసం తీసేసుకుంటాడు.

తమ్ముడు

*

లిఫ్టుల తనిఖీ ఆఫీసు, మధ్యాహ్నం విరామంలో

ఒరేయ్ తమ్ముడూ,

ముద్ద దిగకపోతే మంచిదే, బొజ్జ తగ్గుతుంది.

చెబుదామని నాలుగుసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ ఆయన డాక్టరు మీద ఉపన్యాసం అందుకున్నాడు. అదీగాక ఎలా చెప్పను? "పడవ పక్కకి పడిపోయి తెరచాప నీళ్ళలో మునిగింది" అని ఆయన అన్నం తింటూ నవ్వుతూ చెప్పిన రోజు గుర్తుందా? నువ్వూ నవ్వావు. నాకు నవ్వు రాలేదు. పడిపోయేదాన్ని పడకుండా చేయడమేరా నా ఉద్యోగం. ప్రతి లిఫ్టుకీ వెనక ఒక ఎదురు బరువు ఉంటుంది. ఎక్కినవాళ్ళకి కనబడదు, కనబడక్కర్లేదు. "ఇంకాస్త బరువు పెట్టుకోండి" అని నేనంటే ఆయన ఒప్పుకునేవాడా? రేటింగంటాడు, సూత్రమంటాడు, భయం అనేది పాలకవర్గాల ఆయుధమంటాడు. పాత భవనంలో లిఫ్టు పీకేస్తుంటే దిమ్మలు తుక్కుకి పోతున్నాయి. తెచ్చాను. మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ తెస్తాను.

నేను చెబితే వాదిస్తాడు. కాటా చెబితే వింటాడు. కాటానే చెప్పనీ.

నువ్వు రెండోసారి వడ్డించుకో.

అక్క

*

పడవల షెడ్డు

ఓరి ద్రోహీ,

కూర్చుని చదువు. నిలబడితే పడతావు, నీకింద దిమ్మలు లేవు కదా.

పొద్దున్న క్లబ్బంతా గట్టు మీదే ఉంది. టేపు మాస్టారు కాటాని ముందు తన బరువుతోనే పరీక్షించుకున్నాడు. "మొదట మాదే" అని నేను గర్జించాను. మొండిఘటం నీళ్ళోంచి పైకి లేచింది. మాస్టారు అంకె చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "పడవలో ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. లేరన్నాను. "నీళ్ళేమైనా నిలిచాయా?" లేవన్నాను. "అయితే ఇంకెవరో ఉన్నారు. ఇద్దరు ముగ్గురు ఉన్నారు" అన్నాడు.

జనం నవ్వడం మొదలెట్టారు. ఇది కుట్ర అన్నాను. కాటా మార్చమన్నాను. డాక్టరు పడవ ఎక్కించారు. మెరుపు బరువు సర్టిఫికెట్లో ఎంతుందో కాటాలో అంతే ఉందిరా! గుండుసూది తేడా లేదు! మిగతా పాత పడవలన్నీ ఎక్కాయి. అన్నీ సరిపోయాయి. క్లబ్బు మొత్తం మీద తప్పు తూగిన పడవ ఒక్కటే. దాని యజమాని పోయిన నెలలో న్యాయం గురించి ఉపన్యాసమిచ్చినవాడు.

నేల చెక్కలు విప్పాం. ఎంత బాగా బిగించావురా, నీ పని మీద నాకున్న గౌరవంతో చెబుతున్నాను, గునపం కావాల్సొచ్చింది. కింద ఇనప దిమ్మలు. వరసగా, ముద్దుగా, పాలవాడు పేర్చిన డబ్బాల్లా. ప్రతి దిమ్మ మీదా పసుపు రంగు గీత. తనిఖీ చేసి తుక్కుకి పంపిన సామానుకి వేసే గీత. ఆ పసుపు మరక మీ అక్క ఆఫీసు కోటు జేబు మీద రోజూ చూస్తాను నేను!

కాడల్లేని చెంచాలు ఆ దిమ్మల పక్కనే ఉన్నాయి. మాస్టారు ఒక చెంచా చేతిలోకి తీసుకుని, ఒక దిమ్మ వంక చూసి, నా వంక చూశాడు. ఆ చెంచాని దిమ్మ మీద పెట్టాడు. తిట్టుంటే బాగుండేది.

నేనేం చేశానంటావా? ఏం చేస్తాను. నేనడిగిన నియమం నాకు తగిలింది. ఇంటికెళ్ళి ఈదురుగాలి కప్పు తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టాను. "ఇది మీది. ఆ రోజు మేం స్తంభంలా నిలబడింది మా గొప్ప కాదు, లిఫ్టు దిమ్మల గొప్ప" అన్నాను. నా చరిత్రలో అంత చిన్న ఉపన్యాసం ఇదే.

ఇంట్లో మీ అక్కతో మాట్లాడటం లేదు. అంటే నేను మాట్లాడుతున్నాను, ఎక్కువే మాట్లాడుతున్నాను, ఆవిడ "ఊఁ" అంటోంది. పచ్చడి సీసా మూత మాత్రం ఇవాళ తీసి పెట్టింది.

రేపు తీర్మానం ఓటుకొస్తుంది. "పాత పడవలవాళ్ళు ఇంతే" అంటారు. నా పడవ మూలాన మిగతావాళ్ళంతా మధ్యాహ్నం ఎండలోకి పోతారు. నువ్వు నాకు చెప్పాల్సింది.

బావ

*

ఓడల యార్డు, వడ్రంగుల గది

బావా,

ముందుగా, నా బొజ్జకి న్యాయం జరిగింది. ఆ సంగతి నీ పత్రికలో మొదటి పేజీలో వేయాలి.

చెప్పాల్సింది, నిజమే. చెప్పొద్దన్నది ఎవరో నీకు తెలుసు. ఆవిడ మాట తీసేయగల మగాడు మన రెండు కుటుంబాల్లోనూ పుట్టలేదు. కాటా దగ్గర దొరకకుండా ఉండటానికి నేనెన్ని వెధవ వాదనలు రాశానో చూశావుగా. మధ్యాహ్నం ఎండ ఒక్కటీ వదిలెయ్, దయచేసి.

ఇక ఆ కప్పు పోటీ. నువ్వు చుక్కాని దగ్గరున్నావు, నీకు ముందువైపే కనబడుతుంది. నేను నీ వెనక తాడు పట్టుకుని ఉన్నాను. ఆ పెద్ద గాలి తగిలినప్పుడు మొండిఘటం ఒరిగింది చూడు, తెరచాప నీళ్ళని ముట్టుకుంది. నీ కాలికి తాడు చుట్టుకుని ఉంది. నువ్వు చూసుకోలేదు, ఏదో అరుస్తున్నావు. పడవ అలా ఒక్క క్షణం ఆలోచించుకుని మెల్లగా లేచింది. పక్కన రెండు పడవలు లేవలేదు, బోల్తాపడ్డాయి. ఆ సాయంత్రం నువ్వు కప్పులో టీ పోసి అందరికీ పంచుతుంటే నేను అక్క వైపు చూశాను. అక్క నీ కాలి మీద తాడు ఒరుసుకున్న గీత చూస్తోంది.

మోసం మోసమే. కాదనను. కానీ గెలవడానికి చేసిన మోసం కాదని ఒక్కసారి నువ్వే వాదించుకో. వాదించడం నీకు రానిదా?

ఓటు ఏమైందో రాయి.

నీ
బావమరిది

*

ఇల్లు, వంటింటి బల్ల, పోటీ అయిన మర్నాడు

ఒరేయ్ బావమరిదీ,

గెలిచాం. ఓడిపోయి గెలిచాం. చెబుతాను, ఉండు.

ఓటు రోజు డాక్టరు లేచాడు. నేను తలొంచుకుని కూర్చున్నాను, మొదటిసారి. "నా వాదనంతా ఒక్క కప్పు మీద నిలబడింది" అన్నాడు. "మొండిఘటం నన్ను కొట్టింది కాబట్టి పాత పడవల అంకెలు తప్పనుకున్నాను. ఇప్పుడు కాటా అయింది. పాత పడవలన్నీ సరిగ్గా తూగాయి. నన్ను కొట్టింది అంకె కాదు, ఇనుము. అంకెల మీద నాకింక ఫిర్యాదు లేదు." తీర్మానం వెనక్కి తీసుకున్నాడురా! పొద్దుటి పోటీ అందరిదీ అని తేలిపోయింది. నేను నా జీవితంలో రాసిన వ్యాసాలన్నీ సాధించలేనిది, నేను దొంగగా దొరకడం సాధించింది. మీటింగయ్యాక ఆయన దగ్గరికెళ్ళి చెయ్యిచ్చాను. వాడి రాజకీయాలు ఇప్పటికీ కుళ్ళే. పళ్ళు మాత్రం బాగున్నాయి.

దిమ్మలన్నీ తీసేశాను. మొండిఘటం మళ్ళీ కాటా ఎక్కింది, సర్టిఫికెట్లో ఉన్న బరువుకి వచ్చింది. చివరి పోటీకి పేరిచ్చాను. నీ చోటు ఖాళీ. టేపు మాస్టారి మేనల్లుణ్ణి అడుగుదామనుకున్నాను.

మీ అక్క కోటు వేలాడదీస్తూ, "తూకం వేసేటప్పుడు మనుషులు దిగాలా?" అంది. దిగాలన్నాను. "అంటే మనుషుల బరువు లెక్కలోకి రాదా?" రాదన్నాను. "పడవ అంచు మీద కూర్చునేవాళ్ళు గాలొచ్చే వైపు కూర్చుంటే పడవ ఒరగదా?" ఒరుగుతుంది, కానీ తక్కువ ఒరుగుతుంది అన్నాను. "అయితే ఆ కుర్రాణ్ణి రావద్దని చెప్పు. దిమ్మలు తీసేశావు కదా, వాటి బదులు నేను కూర్చుంటా" అంది.

ఇన్నేళ్ళలో గట్టు దాటి రాని మనిషిరా! లిఫ్టు తాళ్ళు పరీక్షించే చేతితొడుగులు వేసుకుని వచ్చింది. ఎక్కగానే ప్రతి తాడూ లాగి చూసింది, ప్రతి కొక్కెం తిప్పి చూసింది. రెండు కొక్కాలు మార్పించింది. "ఇవి నా దగ్గరైతే భవనానికి తాళం వేసేదాన్ని" అంది. చెంచాలు చూసి మాత్రం నవ్వింది. ఎన్నాళ్ళకి నవ్విందో!

పలచటి గాలి. మొండిఘటం ఎలా కదిలిందనుకున్నావు! ఈకలా. ఇన్నేళ్ళూ నీ బొజ్జని అన్యాయంగా తిట్టాను, ఆ మాట ఇక్కడితో సరి, మళ్ళీ ఎత్తకు. మలుపు దగ్గర మెరుపు మన ముందు చేతికందేంత దూరంలో ఉంది. అంకెతో హెచ్చవేస్తే మనమే ముందు. అది నేను మనసులో హెచ్చవేసుకుంటున్నాను. అప్పుడు నీళ్ళ మీద చీకటి ముక్కలాగా పెద్ద గాలి వస్తోంది. నేను చూడలేదు. అంచు మీద కూర్చున్న మీ అక్క చూసింది.

"తాడు వదులు" అంది.

వదిలాను. తెరచాప పటపటా కొట్టుకుంది. గాలి మా మీదుగా వెళ్ళిపోయింది. పడవ ఒరగనే లేదు. మెరుపు మాత్రం ఆ గాలినే పట్టుకుని దూరమైపోయింది. మేం మూడో స్థానం. వదలకుండా పట్టుకునుంటే మొదటి స్థానం మనదే అయ్యుండేదని నువ్వంటావు. కావచ్చు. ఎందుకు వదిలావని అడగకు. నా దగ్గర వాదనేమీ లేదు.

వచ్చే సీజనులో నీ చోటు పడవ ముందు భాగంలో. అంచు మీది చోటు నిండిపోయింది.

నీ
బావ

(తమ్ముడూ, ఇది అంటించే ముందు నేను చదివాను. ఒక దిమ్మ వీధి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను, మిగతావి తుక్కుకి పంపేశాను. నువ్వొచ్చేటప్పుడు కాడలున్న చెంచాలు పట్రా. ఇంకొకటి: విన్నాడురా. కాటా లేకుండానే విన్నాడు. – అక్క)